జీన్ రిచీ పాట

అమెరికాలోని కెంటకీ కొండలలో వైపర్ అను పల్లెయందు 1922లో, పదునలుగురు సంతానములో కడగొట్టు బిడ్డగా జన్మించిన జీన్ రిచీకి సంగీతము ఇంటిపనులతోపాటే అబ్బిన విద్య. సాయంకాలమున ఇంటిల్లిపాదియు వసారాలో కూర్చుండి, పూర్వులు బ్రిటిష్ దీవులనుండి తెచ్చుకొన్న కథాగీతములను పాడుకొనెడివారు. తండ్రి డల్సిమర్ అను సన్నని తంత్రీవాద్యమును ఒడిలో నుంచుకొని, పెద్దబాతు ఈకతో మీటెడివాడు. పిదప న్యూయార్కులో సంఘసేవకురాలై, పేదపేటల పిల్లలకు ఆమె నేర్పినవి ఆ పాటలే.

అయితే, బొగ్గుకై కొండల నెత్తిని చెక్కివేయగా వాగులలో మురికినీరు పారిన తన సీమ దుఃఖమును స్వయముగా పదములు కట్టి పాడిన ‘బ్లాక్ వాటర్స్’ నా దృష్టిలో ఆమె మహోన్నత రచన. ఇట్టి నిరసనగీతములను కొన్నింటిని, రాజకీయములెరుగని తల్లికి కష్టము కలుగరాదనియు, పురుషుని పేరున్నచో లోకము ఆలకించుననియు తలంచి, తాతగారి నామమైన థాన్ హాల్ పేరిట వెలువరించినది.