పండగ పూట పరాయి ఊళ్లో



డిసెంబరులో ఫిలిప్పీన్స్ వీధుల్లో ఎటు చూసినా నక్షత్ర దీపాలే. వెదురు బద్దలు కట్టి, రంగుకాగితం అంటించిన ఆ దీపాన్ని అక్కడివాళ్లు పరోల్ అంటారు. ఆ వెలుగులో తెల్లచొక్కా, టై, జేబుమీద నల్లటి పేరుబిళ్లతో ఇద్దరు కుర్రాళ్లు నడుస్తూ కనిపిస్తే, వాళ్లు మోర్మన్ మిషనరీలన్నమాట.

మోర్మన్ చర్చి ఒక క్రైస్తవ శాఖ; దాని కేంద్రం అమెరికాలోని యూటా రాష్ట్రం. అబ్బాయిలు 18 ఏళ్లకే బయల్దేరవచ్చు. సేవాకాలం వాళ్లకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ దేశమో చర్చే నిర్ణయిస్తుంది. జీతం లేదు. ఒంటరిగా తిరగకూడదు, తోడు ఉండాల్సిందే. పండగొచ్చినా ఇంటికి సెలవు లేదు.

2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కీ, మాతృదినోత్సవానికీ. మిగతా రోజుల్లో ఉత్తరాలు, ఈమెయిళ్లే. అమ్మ గొంతు వినడమే అప్పట్లో పెద్ద కానుక. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకోవచ్చు.

మంచు పడే ఊరినుంచి వచ్చిన కుర్రాడికి ఫిలిప్పీన్స్‌లో డిసెంబరులోనూ చెమటకు చొక్కా తడుస్తుంది. 16 నుంచి 24 వరకు కేథలిక్కులు తెల్లవారకముందే ప్రార్థనకు వెళ్తారు. చర్చి బయట అరిటాకు పరిచి, కిందా పైనా నిప్పులు పెట్టి బిబింకా అనే బియ్యప్పిండి రొట్టె కాలుస్తారు. 24 అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ విందుకు కూర్చుంటారు.

శాఖ వేరైనా, ఆ వేడి రొట్టె ముక్క చేతిలో పెట్టి ఎవరైనా "తిను బాబూ" అంటే చాలు, పరాయి ఊరు కాసేపు సొంతూరైపోతుంది.