ఆ 84 శాతం ఎలా వచ్చింది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు వచ్చినప్పుడు ఒక వార్త బాగా తిరిగింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ 84 శాతం ఆడవాళ్లు మొగుడు కొట్టడం సబబే అన్నారట. "చూశారా, ఆడవాళ్లకే అభ్యంతరం లేదు" అనేశారు చాలామంది.

అసలు ఏమడిగారు? ఏడు సందర్భాలు ఒక్కొక్కటే చదివి, అప్పుడు భర్త కొట్టడం సమంజసమేనా అంటారు. చెప్పకుండా బయటికెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడకకు ఒప్పుకోకపోతే, వంట సరిగా చేయకపోతే, భర్తకు అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా చాలు, ఆమె 84లో చేరినట్టే. మిగతా ఆరింటికీ కాదన్నా సరే! దేశం మొత్తం మీద ఆడవాళ్లు ఎక్కువగా అవునన్నది అత్తమామల విషయంలో.

అలాగని ఈ అంకెని కొట్టిపారేయలేం. ఇవే ప్రశ్నలకి హిమాచల్ ప్రదేశ్‌లో అవునన్నవాళ్లు 15 శాతమే కదా. తెలంగాణ మగవాళ్లలో 70. అంటే మన దగ్గర ఆడవాళ్లే ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. దెబ్బలు ఇష్టమై కాదండీ. "నువ్వేం చేశావ్, ఊరికే కొడతాడా?" అన్నమాట చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగారు. రేపు కూతురు ఒంటిమీద వాతలతో పుట్టింటికొస్తే, "సర్దుకుపోవే" అని మళ్లీ బస్సెక్కించేది కూడా వాళ్లే. నా భయమంతా అక్కడ.

ఆ ఏడూ మీ ఇంట్లో అడిగి చూడండి. విడివిడిగా అడగండి, అత్తాకోడళ్లని ఒకేచోట కూర్చోబెట్టి కాదు. ఏమన్నారో రాయండి, వచ్చేవారం మాట్లాడుకుందాం.