తలుపు ఎటుందో మనకెందుకు చెప్పరు?

(దొరవారిసత్రం అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

పల్లెల్లోంచి నడిచొచ్చిన అమ్మలకు, అన్నలకు, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కే పిల్లలకు జై భీమ్.

ఏప్రిల్ 14 మనకు బాబాసాహెబ్ పుట్టినరోజు. దేశంలోని ఫైర్‌స్టేషన్లకు కూడా ఇది తలుచుకునే రోజే. 1944లో ఇదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది. పత్తి బేళ్లూ పేలుడు సామానూ ఒకే ఓడలో ఎక్కించారు. ప్రమాదపు సరుకుందని తెలిపే ఎర్రజెండా దానిమీద ఎగరెయ్యలేదు. ఆర్పబోయిన ఫైర్‌మెన్ 66 మంది చనిపోయారు. మొత్తం చచ్చినవాళ్ల లెక్క మాత్రం ఇప్పటికీ ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. కూలీల చావులకు లెక్క ఎప్పుడు సరిగ్గా ఉంది గనక! ఆనాడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది అంబేద్కరే. వారానికి 54 గంటల పనిని 48కి దించిన 1946 చట్ట సవరణ ఆయన తెచ్చిందే. అందుకని ఈ రోజు దండేసి, లడ్డు తిని పోతే చాలదనిపించింది మాకు. మంట గురించి మాట్లాడదామనుకున్నాం.

మంట మనకు కొత్తేమీ కాదు. తాటాకు గుడిసెల్లో పుట్టినోళ్లం. ఎండాకాలం గాలికి ఒక ఇల్లు అంటుకుంటే వరసంతా పోవడం మా తరం చూసింది. అప్పుడేం చెయ్యాలో పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్కింటి కప్పు లాగెయ్యాలి, గొడ్ల పలుపులు కోసెయ్యాలి, ముసలోళ్లను ముందు బయటికి తేవాలి. ఎవరూ మనకు ట్రైనింగివ్వలేదు. ఇల్లు మనది, వాకిలి ఎటుందో మనకు తెలుసు. ఇప్పుడు మన పిల్లలు మాంబట్టు, శ్రీసిటీ, మేనకూరు పోతున్నారు. వాళ్లు పనిచేసే షెడ్డుకి వాకిళ్లెన్నో వాళ్లకు తెలీదు.

ఈ సభకు ముందు మేము బస్సులు ఆగే చోట నిలబడి అడిగాం. మా దగ్గర పది చదువుకున్న పిల్లలే చాలామంది. "వెనక తలుపుందా అమ్మణ్ణీ?" అంటే, "ఉంది సార్, దాని ముందర అట్టపెట్టెలు పేర్చుంటాయి, ఇన్‌స్పెక్షనుకొస్తారంటే తీస్తారు" అంది ఒకమ్మాయి. "మంటలార్పేది నేర్పించారా?" అంటే, "నేర్పించినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారు సార్" అంది. సైరన్ మోగితే ఏం చేస్తావంటే, సూపర్‌వైజర్ని అడుగుతుందంట! కంపెనీ పేరు మేము చెప్పం. చెబితే ఆ పిల్ల కూలి పోద్ది. పర్మినెంటోళ్లకు క్లాసు, కాంట్రాక్టోళ్లకు సంతకం. ఈ కాంట్రాక్టు పనిలో ఎవరున్నారో ఆ బస్సుల్లోకి తొంగిచూస్తే చాలు. మాల మాదిగ పల్లెలు, యానాది కాలనీలు, ఆ పక్క సీట్లో ఒడిశా, బీహారు పిల్లలు. మనూరి పేరులోనే దొరవారున్నారు, గేటుకాడ కొత్త దొరలొచ్చారు.

ఇవి ఎక్కడో జరిగేవి అనుకోవద్దు. మన పక్కనున్న షార్‌లోనే 2004 ఫిబ్రవరి 23న రాకెట్ ఇంధనం అంటుకుని ఆరుగురు పోయారు. అన్ని జాగ్రత్తలు రాసిపెట్టుకున్న చోటే అట్లా అయితే, అట్టపెట్టెలు అడ్డమున్న షెడ్డు సంగతేంటి? 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడ తుక్కు గోడౌన్లో పైన పడుకున్న బీహారు కూలీలు పదకొండు మంది కాలిపోయారు. దిగడానికి ఒకటే మెట్లదారి, మంట దాని కిందే. అదే ఏడు ఏప్రిల్ 13 రాత్రి, మనం జయంతికి తోరణాలు కట్టుకుంటున్న వేళ, ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం కెమికల్ ఫ్యాక్టరీలో ప్రమాదం. తెల్లారేసరికి ఆరుగురు, అందులో నలుగురు బీహారోళ్లు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో పదిహేడు మంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీలో 46 మంది చనిపోయారన్నారు, ఎనిమిది మంది ఆనవాలే దొరకలేదు. అక్కడ మనం పట్టించుకోవాల్సిన మాట ఒకటుంది. పేలుడు జరిగిన గంటలో లోపల ఎవరెవరున్నారన్నది ఎవరికీ పక్కాగా తెలీదు. లెక్క తేల్చడానికే రోజులు పట్టింది. గేటుకాడ ఫొటోలు పట్టుకుని నిలబడ్డ తల్లులకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ సంగతి మీకు గుర్తే. 2020 మే 7 తెల్లవారుజామున పన్నెండు మంది. సైరన్ నొక్కడానికి 36 చోట్లున్నా ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. సైరన్ కొన్నారు, నొక్కే మనిషిని తయారుచెయ్యలేదు.

చట్టం లేదా అంటే ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-బి చేర్చారు. ప్రమాదకరమైన పని జరిగే ఫ్యాక్టరీ తన ఆపత్కాల పథకాన్ని కార్మికులకూ చుట్టుపక్కల ఊళ్లకూ తెలపాలని అందులో ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. చెప్పాల్సిన బాధ్యత అందులోనూ ఉంది. కాకపోతే కరెంటుతో నడిచే చోట పదిమందుంటే ఫ్యాక్టరీ అనేది పోయి, ఇరవై మందుంటేనే అయింది. పద్దెనిమిది మందితో నడిచే షెడ్డులో మంట పుట్టదు కాబోలు! ఆ పథకం ఇంగ్లీషులో రాసి ఆఫీసు బీరువాలో పెడితే మనకు తెలిపినట్టు కాదు. తెలుగులో, హిందీలో, ఒడియాలో చెప్పమనండి.

ఇక చేతిలో పని. మంటకంటే ముందు పొగ చంపుతుంది. పొగ పైకి పోతుంది కాబట్టి వంగి, నేలకు దగ్గరగా, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని రండి. మూసిన తలుపును చేతి వెనకవైపుతో తాకి చూడండి, కాలితే తెరవద్దు. నూనె మీద, కరెంటు మీద నీళ్లు పొయ్యొద్దు. ఎర్ర సిలిండరుకు పిన్ను పీకి, మంట మొదట్లోకి కొట్టాలి, పైన నాలుకల మీద కాదు. ఒక సిలిండరు అయిపోయినా ఆరకపోతే వదిలేసి పరిగెత్తండి. సెల్‌ఫోను లాకర్లో ఉందని, టిఫిన్ బాక్సు ఉందని వెనక్కి పోవద్దు తల్లీ. ఒంటికంటుకుంటే పరిగెత్తొద్దు, నేలమీద దొర్లండి. నైలాన్ చున్నీ కరిగి చర్మానికి అతుక్కుంటుంది, పనిలోకి నూలుదే వేసుకోండి. బయటికొచ్చాక చెప్పిన చోటే నిలబడి పేరు పిలిపించుకోండి. మీరు చెట్టుకింద కూర్చుంటే మీ కోసం ఇంకొకడు లోపలికి పోతాడు.

న్యూయార్కులో 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే కుట్టుమిషన్ల కంపెనీలో 146 మంది కాలిపోయారు, ఎక్కువమంది వలసొచ్చిన ఆడపిల్లలు. దొంగతనాలు చేస్తారని తలుపుకు తాళమేశారు. వాళ్లక్కడ ఊరికే ఏడ్చి ఊరుకోలేదు, చట్టాలు మార్పించారు.

కింద బల్ల మీద అర్జీ పెట్టాం. రాత్రి షిఫ్టుతో సహా అందరికీ డ్రిల్లు జరపాలి, కాంట్రాక్టోళ్ల పేర్లు కూడా గేటు దగ్గర హాజరులో ఉండాలి, తలుపుల ముందర సరుకు ఉండకూడదు. ఇంతే అడిగాం. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఒకటి, ఫైర్ ఆఫీసరుకు ఒకటి. ఒకరి పేరే ముందుంటే వాళ్లను తీసేస్తారు, అందుకని గుండ్రంగా సంతకాలు పెట్టేట్టు గీత గీశాం. వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకు పక్కనే ఉంది. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు ముందు పెట్టి పొండి, బస్సు తప్పిపోద్ది.