సంఘమునకు శిరస్సు ఎవరు?

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: ఎఫెసీ 1:22, 23, మత్తయి 20:25–28



ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం చివర అపొస్తలుడైన పౌలు ఒక సంగతి తేటగా రాశాడు. తండ్రి సమస్తమును క్రీస్తు పాదాల కింద ఉంచి, ఆయనను సంఘానికి శిరస్సుగా నియమించాడు. సంఘం ఆయన శరీరం. ఈ వాక్యం మనలో చాలామందికి కంఠతా వచ్చు. అయితే 'శిరస్సు' అనే ఈ ఒక్క మాట మీదనే ఒక దేశపు సంఘం దాదాపు ఐదు వందల సంవత్సరాలుగా తర్జనభర్జన పడుతూ వచ్చింది. ఆ సంఘ చరిత్ర సముద్రాలు దాటి మన గిద్దలూరు, కొమరోలు పల్లెల వరకు వచ్చింది. మన ఊళ్లలో పెద్దవాళ్లు "ఎస్.పి.జి. వారి గుడి" అంటారే, ఆ మాట వెనుక ఉన్నది ఇంగ్లాండు సంఘమే. ఈ పూట ఆ చరిత్రను వాక్యపు వెలుగులో కొంచెం ధ్యానించుకుందాం.

1534లో ఇంగ్లాండు రాజైన ఎనిమిదవ హెన్రీ పార్లమెంటు చేత ఒక చట్టం చేయించాడు. రోములోని పోపుకు తమ సంఘం మీద ఏ అధికారమూ లేదనీ, భూమి మీద ఇంగ్లాండు సంఘానికి శిరస్సు రాజేననీ ఆ చట్టం చెప్పింది. మొదటి భార్యతో తన వివాహాన్ని రద్దు చేయడానికి పోపు ఒప్పుకోకపోవడం దీని వెనుక ఉన్న కారణాలలో ఒకటి. ఆయన కుమార్తె మొదటి ఎలిజబెతు కాలంలో, 1559లో, ఆ బిరుదు మార్చారు. 'శిరస్సు' అనే మాట తీసివేసి 'సర్వోన్నత పాలకురాలు' అని పెట్టారు. శిరస్సు క్రీస్తు ఒక్కడే గదా అని భక్తిగల వారి మనస్సాక్షికి ఆ పాత మాట గుచ్చుకొనేది. నేటికీ ఇంగ్లాండు రాజుకు ఉన్నది ఆ మార్చిన బిరుదే. చూశారా ప్రియులారా, రాజ్యము కూడా ఆ ఒక్క మాట దగ్గర వెనక్కి తగ్గవలసి వచ్చింది!

ఆ సంఘపు కట్టుబాటు ఎలాగుంటుందో వినండి. అన్నిటికంటె కింద ప్యారిష్ ఉంటుంది. అటువంటివి ఇంగ్లాండులో 12 వేలకు పైగా ఉన్నాయి. కొన్ని ప్యారిష్‌లు కలిస్తే ఒక డయాసిస్, దానికి ఒక బిషప్పు. మొత్తం 42 డయాసిస్‌లు. వాటి మీద కాంటర్‌బరీ, యార్కు అనే రెండు పీఠాల ఆర్చిబిషప్పులు. 1970 నుండి జనరల్ సినడ్ అనే మహాసభ ఉంది. అందులో బిషప్పులకు ఒక సభ, గురువులకు ఒక సభ, విశ్వాసులకు ఒక సభ. బిషప్పులను సంఘపు కమిటీ ఎంపిక చేసినా, ప్రధానమంత్రి సలహా మీద నియమించేది రాజు. 26 మంది బిషప్పులు పార్లమెంటు ఎగువసభలో కూర్చుంటారు. ఇంత రాజమర్యాద ఉన్నా గురువుల జీతాలు సర్కారు ఖజానా నుండి రావు. కానుకల నుండి, సంఘపు ఆస్తుల రాబడి నుండి వస్తాయి.

ఈ ఏర్పాటులో ఒక మంచి ఉంది. ప్యారిష్ గురువు తన గుడికి వచ్చేవారికి మాత్రమే కాపరి కాడు. ఆ పొలిమేరలో కాపురమున్న ప్రతి మనిషి ఆత్మ విషయమై ఆయనకు బాధ్యత ఉంది. గుడి గడప తొక్కని వాడు చనిపోయినా వాడి సమాధి దగ్గర ప్రార్థన చేయవలసిన వాడు ఆయనే. మన గుడి రిజిస్టరులో పేరు ఉన్నవారినే మనవారని లెక్కపెట్టే మనం దీనిని గమనించాలి.

అయితే రాజు నీడకు వెల కూడా ఉంది. 'యాత్రికుని ప్రయాణము' చదవని క్రైస్తవ కుటుంబం మనలో తక్కువ. ఆ పుస్తకం రాసిన జాన్ బన్యన్, రాజు సంఘపు అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుండి 12 సంవత్సరాలు బెడ్‌ఫర్డు జైలులో ఉన్నాడు. 1662లో కొత్త ప్రార్థన పుస్తకానికి పూర్తిగా సమ్మతించలేని గురువులు, సుమారు రెండు వేల మంది అని చరిత్రకారులు చెబుతారు, తమ స్థానాలు పోగొట్టుకొన్నారు. ఆ తరువాత ఇంకొకటి చూడండి. 1927లో ఇంగ్లాండు సంఘం తన ప్రార్థన పుస్తకాన్ని సవరించుకొంది. సంఘం ఒప్పుకొన్నా పార్లమెంటు దిగువసభ ఒప్పుకోలేదు. మరుసటి సంవత్సరం మరల తెచ్చారు, మరల తోసివేశారు. తన మోకాళ్ల మీద తాను ఏమని ప్రార్థించాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఆ సంఘానికి లేకపోయింది!

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1701లో లండనులో పుట్టిన సువార్త వ్యాపక సంఘాన్నే మనం ఎస్.పి.జి. అంటున్నాం. 1813 నాటి చట్టంతో కలకత్తాకు బిషప్పును ఏర్పాటు చేశారు. ఆయన జీతం భారతదేశపు రాబడి నుండే ఇచ్చారు. 1835లో మద్రాసుకు బిషప్పు వచ్చాడు. ముత్యాలపాడు, నంద్యాల, మన కొమరోలుకు దక్షిణాన ఉన్న కలసపాడు ఎస్.పి.జి. మిషనుకు కేంద్రాలయ్యాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మన ప్రాంతం కర్నూలు జిల్లాలోనిదే గనుక, నంద్యాలతో మన సంఘాలకు ఆనాటి నుండి పొత్తు ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రలులో వి.యస్. అజరయ్యగారు బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్పు ఆయనే. ఆయన పీఠం నిజాం రాజ్యంలోని డోర్నకల్. తరువాత 1930లో ఒక గొప్ప మార్పు జరిగింది. ఇండియా, బర్మా, సిలోను దేశాల ఆంగ్లికన్ సంఘం చట్టరీత్యా ఇంగ్లాండు సంఘం నుండి వేరైంది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు 17 సంవత్సరాల క్రితమే ఇక్కడి సంఘం రాజు ముద్ర లేకుండా నిలువడం నేర్చుకొంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.యస్.ఐ., ప్రారంభమైంది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారు ఒక్క సంఘమయ్యారు. కాని నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలలో చాలా భాగం ఆ ఐక్యతలోకి రాలేదు. బిషప్పు చేతి నిక్షేపణ పొందని గురువుల సేవను ఎలా అంగీకరించాలి అన్నది ఆ రోజులలో ఆంగ్లికన్ల మధ్య నలిగిన పెద్ద ప్రశ్న. వారు పాత ఆంగ్లికన్ వ్యవస్థలోనే ఉండి, 1970లలో గాని సి.యస్.ఐ.లో చేరలేదు. ఒకే మిషను బిడ్డలు ఇన్ని సంవత్సరాలు వేర్వేరు సంఘాలుగా ఉన్నారంటే ఆలోచించండి.

కాని దేవుని కార్యము ఎలాగున్నదో చూడండి. ఎవరికి అభిషేకం ఉంది, ఎవరికి లేదు అనే ప్రశ్న మీద ఆగిపోయిన ఆ నంద్యాల డయాసిస్‌కే 2013లో రైట్ రెవరెండ్ పుష్పలలితగారు బిషప్పు అయ్యారు. సి.యస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు ఆమె. ఇంగ్లాండు సంఘానికి మొదటి మహిళా బిషప్పు వచ్చింది 2015లో. బిడ్డ సంఘం తల్లి సంఘానికంటె ముందు నడిచింది.

ప్రియులారా, మన కంభం చెరువును చూడండి. ఎప్పుడో విజయనగర కాలంలో కట్టిన కట్ట ఈనాటికీ గుండ్లకమ్మ నీళ్లను ఆపుతున్నది. కట్ట లేకపోతే నీళ్లు నిలువవు. కాని వానలు లేని ఏడు ఆ కట్ట ఎంత గట్టిదైనా పొలానికి తడి ఇవ్వలేదు. బిషప్పు, సినడ్, డయాసిస్, పాస్టరేట్ కమిటీ, ఇవన్నీ కట్ట. కృప నీళ్లు. కట్టను తవ్విపోసే తెలివితక్కువతనం మనకు వద్దు. కట్టకే మొక్కే తెలివితక్కువతనం అంతకంటె వద్దు.

మన సంఘాలకు ఈనాడు రాజు లేడు. అయితే శిరస్సు స్థానం ఖాళీగా ఉందా? ఆ స్థానంలో మనం చిన్న చిన్న రాజులను కూర్చోబెట్టలేదా? కమిటీ ఎన్నికలు వస్తే ఊరి రాజకీయాలన్నీ గుడిలోకి వస్తున్నాయి. సంఘ ఆస్తుల కోసం విశ్వాసులు విశ్వాసుల మీద కోర్టు మెట్లెక్కుతున్నారు. కొరింథులో ఇదే జరిగినప్పుడు పౌలు వారిని సిగ్గుపడమన్నాడు. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మన ప్రాంతంలో ఎస్.పి.జి. మిషను ఎక్కువగా మాలపల్లెలలో, బాప్టిస్టు మిషను ఎక్కువగా మాదిగపల్లెలలో పనిచేశాయి. దానివలన అనేక ఊళ్లలో గుడి పేరు చెబితే పేట పేరు చెప్పినట్టే అయింది. ఇంగ్లాండులో రాజు ఆక్రమించిన స్థానాన్ని ఇక్కడ కులం ఆక్రమిస్తే, మనం ఏ విధంగా మేలైన వారం?

అన్యజనుల అధికారులు ప్రజల మీద ప్రభుత్వము చేస్తారు, మీలో ఆలాగుండకూడదు అన్న భావంతో ప్రభువు శిష్యులకు బోధించాడు. గొప్పవాడు కాగోరినవాడు పరిచారకుడు కావాలి. కనుక ఈ మూడు సంగతులు హృదయంలో పెట్టుకోండి. మొదటిది, సంఘంలో పదవి వస్తే ఆ సంవత్సరమంతా ముందుగా చీపురు పట్టేవాడివి, చివరగా భోజనానికి కూర్చునేవాడివి నీవే కావాలి. రెండవది, మన గుడికి వచ్చినా రాకపోయినా, మన పొలిమేరలో జబ్బుపడినవారి, చనిపోయినవారి గడపలు మనం తొక్కాలి. మూడవది, ప్రభువు బల్ల దగ్గర పేటలు లేవు. ఈ నెల సంస్కారపు ఆదివారము అవతలి పేట విశ్వాసిని పిలవండి; వారు పిలిస్తే వెళ్లండి. సినడ్ తీర్మానం కోసం కనిపెట్టవద్దు.

ప్రార్థన చేసుకుందాం. సంఘానికి శిరస్సువైన ప్రభువా, మా పితరులు మాకు అప్పగించిన గుడులను బట్టి, క్రమములను బట్టి నీకు స్తోత్రములు. నీ స్థానంలో మేము కూర్చోబెట్టిన ప్రతివానిని దించివేయుము. విడిపోయిన మా పేటలను, మా సంఘాలను నీ శరీరముగా ఏకము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.