ఊక కలిపిన మూస



గోదావరికి ఇరువైపుల, కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో పొలము దున్నునపుడు నాగటికఱ్ఱుకు నల్లని బరువైన గడ్డలు తగులుచుండును. మనవారు దానిని చిట్టెమందురు. పూర్వము ఇనుపరాతిని కరగించినపుడు వేఱుపడిన మడ్డి యది. డాక్టరు పట్టమునకై పరిశోధన సలుపు యంత్రశాస్త్ర విద్యార్థి యొకడు మీ యూరికి వచ్చి ఆ గడ్డలను సంచిలో వేసికొనుచుండిన, వీనికి వేఱు పని లేదా యని నవ్వుకొందురేమో! ఆ పని యెట్టిదో విన్నవించెదను.

నిర్మలకు దక్షిణముగా, గోదావరికి ఈవలి వైపున, కోనసముద్రమను గ్రామము గలదు. నేడది నిజామాబాదు జిల్లాలోనిది. అచటి ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. వాయిసీ అను వైద్యుడు ఆ పనిని చూచి వ్రాసిన వ్రాత, అతడు గతించిన పిదప, 1832లో కలకత్తాలో అచ్చుపడెను. రెండు తావుల ఇనుమును కలిపి మట్టిమూసలో పెట్టి, మూతి మెత్తి, రేయింబవళ్లు తిత్తులూదిన పిమ్మట మెల్లగా చల్లార్చెడివారట.

ఆ వేడికి మన వంటకుండ నిలుచునా? మూసమట్టిలో కమ్మరులు వరిఊక కలిపిరి. థెల్మా లో అను పరిశోధకురాలు అచటి మూసపెంకులను పరీక్షించి 1990లో తన ఫలితములను ప్రకటించెను. ఊక కాలిపోయినను, దానిలోని ఇసుకజాతి పదార్థమును బొగ్గును మిగిలి మట్టికి బలమిచ్చినవి. కళ్లమున మనము తూర్పారబట్టి వదలివేయు ఊకయే సుమా! పనికిరాదని పాఱవేసిన పెంకులే ఆమెకు ఈ సంగతి తెలిపినవి.

2010లో ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారును కలిసి మన ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి చిట్టెపు దిబ్బలను గుర్తించిరి. విద్యార్థి ఆ గడ్డను కోసి, నునుపు చేసి, సూక్ష్మదర్శినితో చూచును. ఇనుమెంత మిగిలినదో, వేడి యెంత తగిలినదో కొంతవఱకు ఊహింపగలుగును. దానిలో బొగ్గుతునక చిక్కియుండినచో కాలమును సైతము లెక్కింపవచ్చును.

అయితే గడ్డ దొరికిన తావు తెలియనిచో ఈ లెక్కలు సగము వ్యర్థము. దిబ్బలు నానాటికి చదునగుచున్నవి. తప్పని నేననను, పొలము రైతుకు అన్నము పెట్టునది. కాని చదును చేయుటకు ముందు, దిబ్బ యెచట నుండెనో, దానిని పూర్వులేమని పిలిచిరో, ఒక కాగితముపై వ్రాయించి యుంచుడు. ఆ విద్యార్థి వచ్చినపుడు ముందుగా ఆ కాగితమును చూపి, పిదప చేను చూపుడు.