గగనయానము - గృహస్థుని బాధ్యత



గత సంవత్సరము వైశాఖమాసమున ఒక బుధవారము సాయంకాలము నంద్యాలలో నా యింటి యరుగుమీద కూర్చుండియుండగా చిరకాలమిత్రు లొకరు కలవరపడుచు వచ్చిరి. వారి యల్లుడు ఆళ్లగడ్డ ప్రాంతపు రైతుబిడ్డ; నాయొద్ద అయిదేండ్లు తెలుగు చదివినవాడు; ఇప్పుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు స్వయముగా విమానము నడపుటకు లైసెన్సు సంపాదించెననియు, రాబోవు ఆదివారమున భార్యను, అనగా మా మిత్రుని యేకైకపుత్రికను, విమానమెక్కించి తిప్పనున్నాడనియు టెలిఫోనులో తెలిసినదట. "అయ్యవారూ, మీ మాట వాడు జవదాటడు. వలదని యొక్కమాట చెప్పుడు" అని ఆయన నన్ను వేడుకొనెను.

ఆయన భయము నిష్కారణమని నేననను. 2009వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన మన నల్లమలలో, పావురాలగుట్టపై, ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారితో గూడ అయిదుగురు హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. ఆ దినమును ఈ సీమవా రెవ్వరును మరవలేదు. అయినను నేను వెంటనే మాట యీయలేదు. తెలియని విషయమున వలదనుటయు తప్పే, కానిమ్మనుటయు తప్పే. ఆదివారమునకు నాలుగు దినముల గడువున్నది. ఆలోపల తెలిసికొని చెప్పెదనంటిని. అట్లు తెలిసికొన్నదే నేడు మీకు విన్నవించుచున్నాను. మన గ్రామముల బిడ్డలు దేశదేశముల నున్నారు. రేపు ఈ ప్రశ్నయే మీ గడపకును రావచ్చును.

భార్యను విమానమున కూర్చుండబెట్టుకొని వచ్చుట మనకు క్రొత్త కథ గాదు. శ్రీరాముడు రావణవధానంతరము సీతాదేవితో పుష్పకమెక్కి, సేతువును, కిష్కింధను, పంచవటిని, చిత్రకూటమును ఒక్కొక్కటిగా చూపుచు అయోధ్యకు వచ్చెనని యుద్ధకాండము చెప్పుచున్నది. కిష్కింధ చేరగానే సీతాదేవి, తారను, తక్కిన వానరస్త్రీలను గూడ వెంటగొనిపోవలెనని కోరినది. విమానము నిలిచినది, వారందరు నెక్కిరి. పుష్పకమునకు బరువుచింత లేదు. నేటి చిన్నవిమానమునకో, మొదటి చింత యదియే. నా శిష్యుడు నడపునది సెస్నా 172 అను జాతి. 1956లో విక్రయమునకు వచ్చి, నలుబదినాలుగువేలకు పైగా నిర్మింపబడినది. అందు నాలుగు పీఠములున్నవి. కాని ఇంధనపుతొట్లు నిండుగా నింపినచో నలుగురు భారీమనుష్యులు సాధారణముగా ఎక్కరాదు. ఎక్కువారి బరువు, పెట్టెలబరువు, ఇంధనపుబరువు కూడి లెక్క వేసి, అది ముందు వెనుకల సరిగా అమరినదా యని చూచుకొని గాని నేల విడువరాదు. ఎండ మెండుగానున్న నాడు గాలి పలుచబడి రెక్కలకు పట్టు తగ్గును. అప్పుడు బరువు మరింత తగ్గింపవలెను.

ఇక లైసెన్సు మాట. మన దేశమున మొట్టమొదట విమానచోదకుడుగా లైసెన్సు పొందినవారు జె. ఆర్. డి. టాటాగారు, అది 1929వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీ. నేడు మన దేశమునను, అమెరికాయందును, సొంతమునకు విమానము నడపు లైసెన్సునకు పదునేడేండ్లు నిండవలెను; వైద్యపరీక్షలో నెగ్గవలెను; తక్కువలో తక్కువ 40 గంటలు ఆకాశమున నడపి నేర్చియుండవలెను. అమెరికాలో అందు ఇరువదిగంటలకు తక్కువ గాకుండ గురువు ప్రక్కనుండును. పదిగంటలకు తక్కువ గాకుండ శిష్యుడు ఒంటరిగా నడపవలెను. వాతావరణము, దిక్కులు, చట్టములు, యంత్రము - వీనియందు వ్రాతపరీక్ష. పిమ్మట పరీక్షాధికారి యెదుట ప్రశ్నోత్తరములు. ఆమీద ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నడపి చూపుట. నేర్చుకొను దినములలో భార్యను గాని, మిత్రుని గాని ఎక్కించుకొనుట నిషిద్ధము. లైసెన్సు వచ్చిన తరువాతను, గడచిన 90 దినములలో మూడుమారులు లేచి దిగియుండిననే పరులను ఎక్కించుకొనవచ్చును. కూలికి నడపుటకు ఈ లైసెన్సు చెల్లదు. విద్య నేర్చి అటకమీద పెట్టినవాని చేతికి ఇతరుల ప్రాణము నీయరాదని ఈ నియమముల భావము.

స్త్రీ యెప్పుడును ప్రక్కపీఠముననే కూర్చుండునని తలపకుడు. 1936లో లాహోరునందు సరళా థుక్రాల్ అను నామె, ఇరువదియొక్కయేండ్ల ప్రాయమున, చీర కట్టుకొని జిప్సీమాత్ విమానమును ఒంటరిగా నడపినది. అప్పటి కామె నాలుగేండ్ల బిడ్డకు తల్లి. భర్త టపావిమానములు నడపువాడు. ఆమెను విద్యలో ప్రవేశపెట్టుటకు అందరికంటె ఉత్సాహపడినది మామగారట! ఆ భర్త 1939లో విమానప్రమాదముననే మరణించెను. ఉత్సాహమును, దుఃఖమును రెండును ఆ యింట నుండెను. మన మొకదానిని చెప్పి రెండవదానిని దాచరాదు.

దాచరానిది మరియొకటి గలదు. అమెరికా అధ్యక్షుడైన కెన్నెడీగారి కుమారుడు 1998లో ఇట్టి లైసెన్సే పొందెను. 1999వ సంవత్సరము జూలై 16వ తేదీ రాత్రి భార్యను, ఆమె సోదరిని ఎక్కించుకొని సముద్రముమీదుగా పోవుచుండగా, మసకలో, చీకటిలో విమానము నీటబడి మువ్వురును మరణించిరి. యంత్రము చెడినదని విచారణలో తేలలేదు. నేల యెటో, ఆకాశ మెటో తెలియక నడపువాడు భ్రమపడెనని తేలినది. మన చెవిలోపల ద్రవముతో నిండిన సన్నని గొట్టములున్నవి. శరీరము ఒరిగినది లేనిది మనకు వానివలన తెలియును. కన్నులకు నేల కానరానపుడు అవి మోసగించును. రంగులరాట్నము నిలిచిన పిదప కన్నులు మూసికొన్న బాలునకు తానింకను తిరుగుచున్నట్లే యుండునుగదా! అట్టియెడ చెవిని నమ్మక యంత్రముల ముండ్లను మాత్రమే నమ్మి నడపుట వేరు విద్య. దానికి వేరు శిక్షణ, వేరు పరీక్ష. అది లేనివాడు మబ్బులోనికి పోరాదు.

ఇంతవరకు తెలిసికొని శుక్రవారము రాత్రి శిష్యునితో మాటలాడి మూడు ప్రశ్నలడిగితిని. "నాయనా, మబ్బు అడ్డమైన నేమి చేయుదువు?" "వెనుకకు మరలుదును, అయ్యవారూ. మబ్బులో నడపు విద్య నాకింకను రాలేదు." "గాలి యెంత వీచిన మానుకొందువు?" "హద్దును ముందే కాగితముమీద వ్రాసికొన్నాను. అక్కడికి పోయిన తరువాత దానిని మార్చను." "అమ్మాయి వలదన్నచో?" అతడు కొంచెమాగి, "ఆమె వలదన్న విమానము లేవదు, ఎందుకని గూడ అడుగను" అనెను. నేను వలదను మాట చెప్పలేదు. మరునాడు మా మిత్రునితో ఈ సంగతియే చెప్పితిని. ఆయన నాతో రెండు దినములు మాటలాడలేదు.

ఆదివార మేమి జరిగినదో సోమవారము తెలిసినది. దంపతులు విమానాశ్రయమునకు పోయిరి. అతడు రెక్కలు, తోక, చక్రములు తడవిచూచి, ఇంధనమును చిన్న గాజుపాత్రలోనికి పట్టి అడుగున నీరున్నదా యని పరీక్షించెను. అంతయు సరిగానే యున్నది. కాని అడ్డగాలి అతడు వ్రాసికొన్న హద్దును మించినది. విమానమును త్రాళ్లతో కట్టివేసి, భోజనము చేసి ఇద్దరును ఇల్లు చేరిరి. ఈ మాట విని మా మిత్రుడు మా యింటికి వచ్చి చాలసేపు మౌనముగా కూర్చుండెను. చివరకు, "అమ్మాయి ముచ్చటపడి యుండినను మానుకొనెనా? అట్లయిన పోనిమ్ము, అయ్యవారూ. దిగిన తరువాత మాత్రమే నాకు చెప్పుమనుడు" అనెను.

రెండు వారముల తరువాత గాలి నెమ్మదించిన ఒక ఉదయమున వారు అరగంట తిరిగి క్షేమముగా దిగిరి. ఆ బిడ్డ తండ్రితో చెప్పినదేమనగా: "నాన్నా, ప్రతి శబ్దము రాకముందే అది యేమో నాకు చెప్పుచువచ్చిరి. పైనుండి చూడగా పొలములు మన కుందేటి యొడ్డు మడులవలెనే యున్నవి."

పెద్దలారా! 2021లో మన ఓర్వకల్లున విమానాశ్రయము తెరవబడినది. దానికి మన యుయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టిరి. ఆకాశము మనకిక దూరము గాదు. మీ యింటి బిడ్డ రేపు లైసెన్సు చూపి, భార్యను ఎక్కించుకొందునన్నచో, వలదని కసరకుడు, భళీయని మెచ్చుకొనకుడు. ఎంత బరువు, ఎంత గాలి, ఎంత మబ్బు, ఇల్లాలి సమ్మతి యేమి - ఈ నాలుగును అడుగుడు. ఎగురుట ఎట్లో గురువు నేర్పును. ఎగురవలదని తోచిననాడు సిగ్గుపడక ఇల్లు చేరవచ్చునని బిడ్డకు ధైర్యము చెప్పవలసినవారము మనము.

సెలవు.