బిల్లు లేని మాట నమ్మవద్దు



విత్తనం కొంటే బిల్లు అడుగుతాం. మొలక రాకపోతే నష్టపరిహారానికి ఆ కాగితమే ఆధారం. మరి ఫోన్లలో వచ్చే రాజకీయ మాటకు బిల్లు ఎందుకు అడగం?

పెగాసస్ నిఘా సంగతే చూద్దాం. “సుప్రీంకోర్టు కమిటీ ప్రభుత్వం తప్పేమీ లేదంది” అని ఒకరు, “5 ఫోన్లలో పెగాసస్ దొరికింది” అని ఇంకొకరు ప్రచారం చేశారు. కోర్టు ఏం చెప్పింది? 2021 అక్టోబరులో జస్టిస్ రవీంద్రన్ పర్యవేక్షణలో కమిటీ వేసింది. 2022 ఆగస్టులో నివేదికలోని కొంత భాగం వినిపించింది. పరీక్షించిన ఫోన్లు 29. వాటిలో 5 ఫోన్లలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉంది. అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదనీ కమిటీ చెప్పింది. అంటే రెండు ప్రచారాలూ తప్పే.

“జడ్జి అనుమతి లేనిదే ఫోన్ ట్యాప్ చేయలేరు” అన్నదీ అలాంటిదే. మామూలుగా ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. దాన్ని సమీక్షించేదీ అధికారుల కమిటీయే. రాష్ట్రంలో దానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. అందులో జడ్జి ఉండరు.

అధికారుల పనిని అధికారులే తనిఖీ చేస్తే చాలదు, స్వతంత్ర తనిఖీ కావాలని మనం అడగాలి. కానీ తప్పు మాటతో అడిగితే, ఆ ఒక్క తప్పు చూపించి అసలు ప్రశ్నను పక్కకు నెడతారు. ఉద్యమంలో ఉన్న మనకే ఆ నష్టం.

అందుకే ఏ మాటైనా పదిమందికి పంపే ముందు మూడు అడుగుదాం: ఎవరన్నారు? ఎప్పుడన్నారు? కాగితం ఏది? మనకు నచ్చిన మాటకైనా ఇదే తూకం.